పావు పెన్నీ దొరికిన పొలం

ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో చిన్న నాణేల కోసం ఓ రోజంతా వెతుకులాట. ఏ మిషన్ మేలో తేల్చుకుందామని వెళితే, అంతకన్నా పెద్ద సంగతే తెలిసింది

ఉదయం ఏడు గంటలు. గోధుమ కోత అయిపోయిన పొలంలో మోకాళ్ల మీద కూర్చుని ఓ పెద్దాయన మట్టిబెడ్డను వేళ్లతో చిదుపుతున్నారు. గంటన్నరగా ఆయన సంచిలో చేరినవి ఇవీ: తూటాల అడుగు బిళ్లలు రెండు, ట్రాక్టర్ బోల్టు ఒకటి, కూల్‌డ్రింక్ డబ్బా మూత ఉంగరం ఒకటి, లెక్కలేనన్ని వెండికాగితం ముక్కలు. "ఇదీ చెత్తే" అంటూ మరో ముక్కను సంచిలో వేశారు. ఆయన ముఖంలో విసుగు లేదు. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని కదా.

లండన్‌కు ఈశాన్యంగా, ఉత్తర సముద్రం ఒడ్డున ఉంటుంది సఫోక్. కొండలు లేవు, జలపాతాలు లేవు. గోధుమ పొలాలు, రాతి చర్చీలు, డెబెన్ నదిలో ఆటుపోట్లకు లేచి పడే పడవలు. పర్యాటకులు ఇక్కడికి వచ్చేది ఎక్కువగా సట్టన్ హూ కోసం. 1939లో అక్కడి మట్టిదిబ్బ కింద ఓ రాజును ఓడతో సహా పూడ్చిన సమాధి బయటపడింది. అందులోని సంచిలో 37 బంగారు నాణేలున్నాయి. ఇప్స్‌విచ్‌లో ఇరవై ఏళ్లుగా డాక్టరుగా ఉన్న మా బావగారు గత సెప్టెంబరులో నన్ను అక్కడికి తీసుకెళ్లారు. తిరిగొచ్చాక ఆయనే అన్నారు: "అద్దాల పెట్టెలో చూసింది చాలు. మన పక్కింటాయన పొలాల్లో వెతుకుతాడు. రేపు ఆయనతో వెళ్లవోయ్."

పక్కింటాయన వెతికేది రాజుల బంగారం కాదు, చిల్లర. అదీ ముక్కలైన చిల్లర. పదమూడో శతాబ్దంలో చాలాకాలం ఇంగ్లండ్‌లో సామాన్యుడి చేతిలో ఉన్న నాణెం ఒక్కటే: వెండి పెన్నీ. బరువు గ్రామున్నర కూడా ఉండదు. అంతకన్నా చిన్న బేరం చేయాలంటే నాణెం వెనుక ఉన్న శిలువ గీతల వెంట దాన్ని కత్తిరించేవారు. సగం ముక్క అర పెన్నీ, నాలుగో వంతు ముక్క ఫార్దింగ్. ఫార్దింగ్ ఇస్తే ఒక రొట్టె వచ్చేది. గోధుమ ధరను బట్టి ఆ రొట్టె బరువెంత ఉండాలో చట్టమే చెప్పేది. ఫార్దింగ్‌ను గుండ్రటి నాణెంగా విరివిగా ముద్రించడం 1279లో ఒకటో ఎడ్వర్డ్ తెచ్చిన మార్పుతోనే మొదలైంది.

చిటికెన వేలి గోరంత ఉండే ఈ పావు ముక్కే డిటెక్టర్లకు అసలు పరీక్ష. డిటెక్టర్ చక్రంలోని తీగచుట్ట మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. లోహం తగిలితే అందులో విద్యుత్తు సుళ్లు తిరుగుతుంది. దాని ప్రతిధ్వనిని మిషన్ పసిగట్టి, శబ్దంగా, తెర మీద అంకెగా చూపిస్తుంది. పెద్ద వెండి నాణేలకు తక్కువ ఫ్రీక్వెన్సీ నప్పుతుంది. పలచటి చిన్న ముక్కలు పలకాలంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి. అందుకే ఫ్రాన్స్‌లో తయారైన ఎక్స్‌పీ డియస్‌లో 4, 8, 12, 18 కిలోహెర్ట్జ్‌ల మధ్య మార్చుకునే వీలు పెట్టారు. 2018లో వచ్చిన మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో పనిచేస్తుంది.

గట్టు మీద మా పరీక్ష మొదలైంది. పెద్దాయన తన పాత పావు ముక్కనొకదాన్ని ప్లాస్టిక్ బిళ్లకు అంటించి మట్టిలో పెట్టారు. మూడు మిషన్లు: 7 కిలోహెర్ట్జ్‌ల పాతది ఒకటి, 18 దాకా వెళ్లేది ఒకటి, బహుళ ఫ్రీక్వెన్సీది ఒకటి. అంగుళం లోతున మూడూ పలికాయి. మూడు అంగుళాల లోతున పాతది మూగబోయింది. మిగతా రెండూ స్పష్టంగానే కూశాయి. అయిదు అంగుళాలకు బహుళ ఫ్రీక్వెన్సీది మాత్రమే, అదీ చెవి ఒగ్గి వింటేనే, చిన్నగా గునిసింది. బిళ్లను నిలువుగా తిప్పి పెడితే ఆ గొణుగుడూ పోయింది. "చూశారా, ఖరీదు తేడా వందల పౌండ్లు. లోతు తేడా రెండంగుళాలు" అని నవ్వారాయన.

అంతకన్నా పెద్ద తేడా మీటలో ఉంది. ప్రతి మిషన్‌లోనూ చెత్తను వినిపించకుండా చేసే మీట ఒకటుంటుంది. ఇనుప మేకులను వదిలేయమంటే వదిలేస్తుంది. వెండికాగితాన్నీ వదిలేయమంటే సరేనంటుంది. చిక్కల్లా పలచటి పావు పెన్నీ, వెండికాగితం ముక్క దాదాపు ఒకే అంకె చూపిస్తాయి. చెత్త వద్దన్నవాడికి చిన్న నాణెమూ దక్కదు. పెద్దాయన సంచి నిండా వెండికాగితం ఎందుకుందో అప్పుడు అర్థమైంది. అది ఆయన చెల్లించే రుసుము. ఇంకో రెండు సూత్రాలూ చెప్పారు: నెమ్మదిగా నడవాలి, చక్రం తిరిగిన మేర మళ్లీ సగం మీదుగా తిప్పాలి. పరుగెత్తేవాడికి ఎంత మంచి మిషన్ ఇచ్చినా ఒకటేనట.

మధ్యాహ్నం మూడు దాటాక పొలం దిగువన, వాగు పక్కన, మళ్లీ అదే అంకె. నేనైతే వదిలేసేవాణ్ని. ఆయన తవ్వారు. మూడో బెడ్డలో ముక్కోణపు వెండి తునక తళుక్కుమంది. వెనుక వైపు శిలువ చెయ్యి అంచు దాకా సాగింది. అలా అంచు దాకా శిలువ వేయడం 1247లో మొదలైంది. గుండ్రటి ఫార్దింగ్ రావడం 1279లో. అంటే దీన్ని కత్తిరించింది బహుశా ఆ మధ్య ముప్ఫై ఏళ్లలోనే. ముందు వైపు హెన్రీ రాజు లాటిన్ పేరులో మిగిలిన అక్షరాలు మూడే: ఎన్, ఆర్, ఐ. మా బావగారికి ఫోన్ చేసి చెబితే పగలబడి నవ్వారు: "ఏమోయ్, అంతదూరం నుంచి వచ్చి ఇంకో ఎన్నారైనే పట్టావా? ఎంత చేస్తుందేం?"

అమ్మితే కొద్ది పౌండ్లు. కానీ పెద్దాయన దాన్ని జేబులో వేసుకోలేదు. దొరికిన చోటును జీపీఎస్‌లో చూసి, అంకెలు కాగితం సంచి మీద రాసి, ముక్కను అందులో పెట్టారు. ఇంగ్లండ్‌లో 1997 నుంచి అమల్లో ఉన్న నిధుల చట్టం ప్రకారం, 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా అధికారికి చెప్పి తీరాలి. మ్యూజియం తీసుకుంటే ఇచ్చే బహుమతిని సాధారణంగా దొరికినవాడు, పొలం యజమాని పంచుకుంటారు. ఒంటి నాణేనికి ఆ నిర్బంధం లేదు. అయినా స్థానిక అధికారికి చూపిస్తే తూచి, ఫొటో తీసి, బ్రిటిష్ మ్యూజియం నడిపే పురావస్తు నమోదు పథకంలో చేరుస్తారు. అందులో ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు చేరాయి. ఎవరైనా చూడొచ్చు. దొంగల భయంతో కచ్చితమైన చోటును మాత్రం అందరికీ చూపించరు.

ఆ భయం ఉత్తిది కాదు. అక్కడికి దగ్గర్లోని రెండిల్షమ్‌లో రాత్రిళ్లు దొంగలు డిటెక్టర్లతో పొలాలను తవ్వేస్తున్నారని యజమాని పురావస్తు శాఖకు మొరపెట్టుకున్నారు. 2008లో ఆ శాఖ నమ్మకమైన స్థానిక డిటెక్టరిస్టులతోనే పొలాలన్నిటినీ అడుగడుగునా గాలించే పని మొదలుపెట్టింది. దొరికిన ప్రతి తునకకూ చోటు రాశారు. వాటిలో ఏడో శతాబ్దపు చిన్ని బంగారు, వెండి నాణేలు ఎన్నో. అవన్నీ పటం మీద చుక్కలుగా పెడితే ఓ రాజనివాసం ఆకారం తేలింది. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన చరిత్ర గ్రంథంలో పేర్కొన్న ఆ నివాసం ఎక్కడుందో అలా తెలిసింది. రాజమందిరం పునాదులు 2022 తవ్వకాల్లో కనిపించాయి. దొంగలు పట్టుకుపోయిన నాణేలూ ఆ చుక్కల్లో ఉండాల్సినవే. అవి ఇప్పుడు ఎవరి పెట్టెలో ఉన్నా వెండి ముక్కలు మాత్రమే.

తిరుగు దారిలో నాకు గుర్తొచ్చింది గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల. శాతవాహనుల మొదటి రాజుగా చెప్పే చిముకుడి నాణేలు, అంతకుముందు వారిగా భావించే గోబద, నారన, సమగోపల నాణేలు దొరికిన చోటది. శాతవాహనుల పుట్టుకలో తెలంగాణ పాత్రపై పండితుల చర్చకు ఆ చిన్న నాణేలే ఆధారం. 'కోటిలింగాలలో దొరికాయి' అన్న ఆ ఒక్క మాట లేకపోతే అవి ఏ వాదనకూ అక్కరకు రావు.

మన దగ్గర ఉన్న నిధుల చట్టం 1878 నాటిది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే ఇచ్చేది లోహం విలువ, దాని మీద అయిదో వంతు. శాతవాహనుల సీసపు నాణేనికి ఈ లెక్కన ఏం వస్తుంది? దమ్మిడీ. నిజాయితీగా తెచ్చి ఇచ్చే రైతుకు చట్టం చెప్పే వెల అది. అలాగని డిటెక్టర్ కొనుక్కుని పాత దిబ్బల మీద పడితే మరింత నష్టం. రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం కూడా. చేయదగింది ఒకటుంది. పొలంలో దున్నేటప్పుడు నాణెం పైకి తేలితే కడగకుండా, తోమకుండా, ఫలానా సర్వే నంబరు, ఫలానా గట్టు పక్కన అని రాసిపెట్టి అధికారులకు చూపించడం. కాగితం, కలం చాలు.

సాయంత్రం చీకటి పడేలోపు పెద్దాయన తవ్విన గోతులన్నీ పూడ్చి, కాలితో నొక్కి, గేటు వేశారు. వెండికాగితం సంచిని కారు డిక్కీలో పెట్టుకున్నారు. ఇంటికెళ్లి చెత్తబుట్టలో వేస్తారట. మర్నాడు ఉదయం మళ్లీ అదే వాగు పక్కకు వెళతానన్నారు. పెన్నీలో మిగతా ముప్పావు ఎక్కడో ఉండే ఉంటుంది కదా!