గొట్టం చెప్పిన సాక్ష్యం

జంషెడ్‌పూర్ శివారున ఉన్న గోవింద్‌పూర్‌లో, ఒక తెలుగు కుటుంబపు వంటింట పది దినాలుగా శాంతి కరవైంది. కారణం స్వల్పమే: సింకులో నీరు త్వరగా దిగడం లేదు. వంట అత్తగారిది, అంట్లు కోడలివి. "మెతుకులు దులపకుండా తోమితే ఇంతేగా!" అని అత్తగారి నింద. కోడలు బదులు పలుకలేదు. పుట్టింటికి వెళ్లివస్తానని మాత్రం భర్తతో అన్నది.

మామగారు శ్రీకాకుళం ప్రాంతంనుండి వచ్చి, ఉక్కు కర్మాగారంలో యంత్రాలు బాగుచేస్తూ జీవితం గడిపినవాడు. లోపమెక్కడో తెలియనిదే దోషమెవరిదో తేల్చరాదన్నది ఆయన వృత్తిధర్మం.

స్నానాలగది తూములో నీరు చక్కగా పోతున్నది. కనుక బయటి కాలువలో అడ్డు లేదు; ఉన్నది సింకు వద్దనే. కుమారుడు కాస్టిక్ సోడా తెస్తానన్నాడు. ఆయన వారించాడు. నిలిచిన నీటిలో అది తీవ్రంగా వేడెక్కి చిమ్మితే కళ్లకే ముప్పు.

సింకు కింది గొట్టం వంపు తిరిగి ఉంటుంది. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు పేటెంటు పొందిన మరుగుదొడ్డిలో ఇటువంటి వంపే ఉన్నది. అందులో నిలిచే నీరు మురుగువాసనను ఇంట్లోకి రానీయదు. అయితే జిడ్డు పేరుకొనేదీ అక్కడనే.

ఆయన కింద బకెట్టు పెట్టి, వంపు మర విప్పాడు. జున్నువంటి తెల్లని ముద్ద జారిపడింది. పుల్లతో కదిపి చూశాడు. మెతుకు ఒక్కటీ లేదు! అది గంజి, చలికి గడ్డకట్టిన నేయి. 2017లో లండన్ మురుగుకాలువలో 250 మీటర్ల పొడవున, సుమారు 130 టన్నులు పేరుకొన్నదీ ప్రధానంగా ఇటువంటి కొవ్వే.

అత్తగారు చాలాసేపు ఆ బకెట్టువంక చూసింది. ఊళ్లో గంజి కుడితితొట్టిలో పడేది, పశువు తాగేది. ఇక్కడ తొట్టి లేదు. ప్రతిదినం అన్నం వార్చి, గంజిని సింకులో ఒంపినది తన చేతులే.

"తప్పు నాదేనమ్మా" అన్నది కోడలితో.

గొట్టం కడిగి బిగించారు. ప్లాస్టిక్ మెత్తబడకుండా, మరగని వేడినీళ్లే పోశారు. నీరు గలగలా దిగింది. మరునాటినుండి నేతిగిన్నెను కాగితంతో తుడిచి తోముతున్నారు. గంజి పొరుగింటి ఆవుకు పోతున్నది. కోడలి ప్రయాణం సంక్రాంతికి వాయిదా పడింది.