ఎనిమిదో వింతకు దిక్కెవరు?

ఆటంటే ఆరుబయటే. ఎండ కాస్తే చెమటోడ్చాలి, వాన పడితే ఇంటికెళ్లాలి. ఈ సంప్రదాయానికి చెక్ పెట్టిన కట్టడం ఒకటుంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే హ్యూస్టన్ నగరంలో ఉన్న ఆస్ట్రోడోమ్ అది. నిండా కప్పు ఉన్న భారీ క్రీడామైదానాల్లో ప్రపంచంలోనే మొదటిది. ‘ప్రపంచంలో ఎనిమిదో వింత’ అని ఒకప్పుడు జనం మురిసిపోయిన ఆ స్టేడియం ఇప్పుడు తలుపులు మూసుకుని, భవిష్యత్తు ఏమిటో తెలియక ఎదురుచూస్తోంది.

దోమలే కారణం!

హ్యూస్టన్ ఎండలు మన కోస్తా ఎండల్లాంటివే. వేడికి తోడు ఉక్కపోత. 1962లో ఆ ఊరికి ‘కోల్ట్ .45స్’ అనే బేస్‌బాల్ జట్టు వచ్చింది. తాత్కాలిక మైదానంలో ఆటలు మొదలయ్యాయి కానీ ఎండకూ దోమలకూ ప్రేక్షకులు అల్లాడిపోయేవారు. దీనికి విరుగుడు ఆలోచించింది నగర మాజీ మేయర్ రాయ్ హాఫీంజ్. అందరూ ఆయన్ని ‘జడ్జి’ అని పిలిచేవారు. రోమ్‌లోని కొలోసియంలో ప్రేక్షకులకు ఎండ తగలకుండా గుడ్డ పందిరి వేసేవారని తెలుసుకున్నాక ఆయనకీ ఆలోచన తట్టిందంటారు.

1962 జనవరిలో శంకుస్థాపన జరిగింది. గడ్డపారలకు బదులు తుపాకులతో నేలలోకి కాల్చి పని మొదలెట్టారు, జట్టు పేరు తుపాకీ పేరే మరి! మూడేళ్లలో దాదాపు మూడున్నర కోట్ల డాలర్ల ఖర్చుతో 710 అడుగుల వ్యాసం, 208 అడుగుల ఎత్తుతో గుమ్మటం లేచింది. మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. లోపల పద్దెనిమిది అంతస్తుల మేడ పట్టేస్తుంది. హ్యూస్టన్‌లో అంతరిక్ష కేంద్రం రావడంతో జట్టు పేరు ‘ఆస్ట్రోస్’గా మారింది. మైదానం ఆస్ట్రోడోమ్ అయింది. 1965 ఏప్రిల్ 9న తొలి ఆటకు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కూడా వచ్చారు.

గడ్డి చచ్చింది... కొత్త గడ్డి పుట్టింది

లోపల నిజమైన గడ్డి పెంచాలని పైకప్పుకు నాలుగున్నర వేలకుపైగా పారదర్శక ప్లాస్టిక్ పలకలు అమర్చారు. అక్కడే వచ్చింది చిక్కు. పగటిపూట ఆ వెలుగుకు కళ్లు బైర్లు కమ్మి, పైకి లేచిన బంతి ఆటగాళ్లకు కనపడేది కాదు. సరేనని పలకలకు రంగు పూశారు. బంతి కనిపించింది కానీ ఎండ అందక గడ్డి చచ్చిపోయింది. ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు వేసి ఆ ఏడాది ఎలాగో లాగించారు.

1966లో మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన నైలాన్ గడ్డిని పరిచారు. దానికి ‘ఆస్ట్రోటర్ఫ్’ అని పేరొచ్చింది. ఇవాళ హాకీ అభిమానుల నోట వినిపించే ఆ మాట పుట్టింది ఈ గుమ్మటం కిందే!

ఒకే కప్పు, ఎన్నో ఆటలు

కింది వరుస సీట్లను జరిపితే చాలు, బేస్‌బాల్ మైదానం ఫుట్‌బాల్ మైదానమైపోయేది. 1966లో మహమ్మద్ అలీ ఇక్కడే క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మట్టికరిపించాడు. 1968లో రెండు విశ్వవిద్యాలయాల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు 52 వేలమందికి పైగా వచ్చారు. 1973లో ‘ఆడవాళ్లు మగవాళ్లతో ఆడగలరా’ అని సవాలు విసిరిన బాబీ రిగ్స్‌ను బిల్లీ జీన్ కింగ్ 6-4, 6-3, 6-3తో ఓడించి నోరు మూయించింది కూడా ఇక్కడే.

వానకు భయపడని ఈ మైదానాన్నీ ఒకసారి వాన ఆపింది. 1976 జూన్ 15న కుంభవృష్టికి రోడ్లన్నీ మునిగాయి. లోపల చుక్క నీరు లేదు, ఆటగాళ్లూ వచ్చేశారు. అంపైర్లే రాలేకపోయారు!

ఆటలయ్యాక...

ఫుట్‌బాల్ జట్టు 1996 తర్వాత ఊరు విడిచింది. ఆస్ట్రోస్ 1999 తర్వాత కొత్త మైదానానికి మారింది. 2002లో పక్కనే తెరుచుకునే పైకప్పుతో మరో స్టేడియం వెలిసింది. అయినా పాత గుమ్మటం ఒక పెద్దపని చేసింది. 2005లో కత్రినా తుపాను న్యూఆర్లియన్స్‌ను ముంచేసినప్పుడు వేలాదిమంది నిర్వాసితులను అక్కున చేర్చుకుంది. ఆట ఆడిన నేలమీదే మంచాలు పరిచారు.

భద్రతా నిబంధనలకు తగ్గట్టు లేదని 2008 నుంచి జనాన్ని రానివ్వడం ఆపేశారు. బాగుచేయడానికి 21.7 కోట్ల డాలర్ల అప్పు తెస్తామంటే 2013లో ఓటర్లు వద్దన్నారు. అలాగని కూల్చడమూ తేలిక కాదు. 2017లో టెక్సాస్ రక్షిత కట్టడమైంది కాబట్టి చరిత్ర పరిరక్షణ సంఘం అనుమతి కావాల్సిందే. నేల ఎత్తుచేసి కింద కార్లు నిలుపుకునే చోటు కట్టాలన్న 2018 నాటి ప్రణాళికా అటకెక్కింది.

తర్వాత పుట్టిన సియాటెల్ కింగ్‌డోమ్‌ను 2000లో పేల్చేశారు. మినియాపొలిస్ మెట్రోడోమ్ 2014లో నేలమట్టమైంది. కత్రినాకు కప్పు చెదిరిన న్యూఆర్లియన్స్ సూపర్‌డోమ్‌ను మాత్రం 2006కల్లా బాగుచేసుకుని మళ్లీ ఆటలాడుకున్నారు. ఈ రెండు దారుల్లో ఆస్ట్రోడోమ్‌ది ఏదో తేల్చాల్సింది హ్యూస్టన్ ప్రజలే. ఖర్చు ఎంతన్నది ఒక లెక్క. ఎండకూ వానకూ వెరవకుండా ఆడుకోవచ్చని లోకానికి నేర్పిన పెద్దదిక్కును ఉంచుకోవాలా వద్దా అన్నది మరో లెక్క!