కడలిపై చమురు తెర

కడంబత్తూరు సముద్రతీరాన లేదు. ఇక్కడి పిల్లలకు రైలు కూత తెలిసినంతగా అలల హోరు తెలియదు. అయినా ఈ ఊరికి ఉత్తరాన ఉన్న పూండి జలాశయం నిండి, గేట్లు ఎత్తినప్పుడు, కొసస్తలై నది ఆ నీటిని ఎన్నూరు దాకా మోసుకుపోయి బంగాళాఖాతంలో కలుపుతుంది. తెలుగునాటి నుండి వచ్చే కృష్ణా జలాలు చేరేదీ ఆ పూండికే. కనుక సముద్రం ఈ ఊరికి పరాయిది కాదు.

2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరులోని కామరాజర్ రేవు వెలుపల రెండు ఓడలు ఢీకొన్నాయి. వాటిలో ‘డాన్ కాంచీపురం’ అనే ఓడ నుండి చిక్కని చమురు సముద్రంలోకి కారిపోయింది. అలలు దానిని దక్షిణంగా చెన్నై తీరం వైపు నెట్టాయి. ఎర్ణావూరు ఒడ్డున రాళ్ల మధ్య అది తారు ముద్దలా పేరుకొన్నది. పీల్చే యంత్రాలు ఆ చిక్కదనానికి మొరాయించగా జాలరులు, విద్యార్థులు, తీరరక్షక దళంవారు బకెట్లతో దానిని తోడిపోశారు. తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. భయంతో జనం చేపలు కొనడం తగ్గించారు. తప్పు చేయని జాలరి ఇంట పొయ్యి చల్లబడింది.

చమురు నీటికన్న తేలిక. అది పలుచని పొరగా పరచుకొని వెలుతురునూ, ప్రాణవాయువునూ నీటిలోకి సరిగా దిగనీయదు. చేపలకు ఆహారమైన సూక్ష్మజీవులు నశిస్తాయి; చేపగుడ్లు చెడిపోతాయి. ఈకలకు చమురంటిన పక్షి తడిసి, చలికి తాళలేక, ఎగరలేక కూలబడుతుంది. ముక్కుతో ఈకలు దువ్వుకొంటే ఆ విషం కడుపులోకి పోతుంది. మడచెట్ల శ్వాసవేళ్లు మూసుకుపోతాయి. 1989లో అలాస్కా తీరాన ‘ఎక్సాన్ వాల్డెజ్’ ఓడ ఒలికించిన చమురు ఇరవై ఏళ్ల తరువాత కూడా ఒడ్డున రాళ్ల అడుగున కనిపించింది.

ఎన్నూరుకు కష్టం మరల వచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతోపాటు మణలి పారిశ్రామిక ప్రాంతం నుండి చమురు బకింగ్‌హాం కాలువ గుండా ఎన్నూరు ఉప్పుటేరులోకి చేరింది. పడవలు, వలలు నల్లబడ్డాయి. గూడబాతుల తెల్లని రెక్కలకు మసి పూసినట్లయింది. ఈసారి ఓడలేవీ ఢీకొనలేదు. చమురు వచ్చింది నేలమీది నుండే.

ఈ సంగతి లోతట్టు ఊళ్లవారు ప్రత్యేకంగా గమనించవలసినది. బండి బాగుచేసినచోట వాడేసిన ఇంజను ఆయిలును మురుగుకాలువలో పోస్తే అది అక్కడితో ఆగదు. కాలువ ఏటిని, ఏరు కడలిని వెదుక్కుంటాయి. నీటితోపాటు ఏమి పంపుతున్నామో చూసుకోవలసినది ఎగువనున్నవారే. దిగువన వల విసిరేవాడికి ఆ అవకాశం లేదు.