“ఈ రోజు కొనకండి”



నేను ఏడు, ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. “మేడమ్, మావాడికి మార్కులు వస్తున్నాయి కానీ నలుగురిలో నోరు విప్పడు. ఏం చేయాలి?” దీనికి నాకు దొరికిన మంచి జవాబు బీఈడీ పుస్తకాల్లోది కాదు. ఒక బల్లుల సంతలో దొరికింది.

గత వేసవి సెలవుల్లో టెక్సాస్‌లో ఉంటున్న మా అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్క కొడుక్కి పద్నాలుగేళ్లు. లెపర్డ్ గెక్కోలు అనే బల్లుల్ని పెంచి, గుడ్లు పొదిగించి, ఆ పిల్లల్ని రెప్టైల్ షోలో అమ్ముతాడు. పాములు, తాబేళ్లు, బల్లులు పెంచేవాళ్లూ కొనేవాళ్లూ శని, ఆదివారాల్లో ఒక పెద్ద హాల్లో కలుసుకునే సంత అది. టేబుల్ అద్దెకు తీసుకున్నది మా బావ పేరు మీద. అమ్మకం మాత్రం పూర్తిగా వాడిదే.

ఒంటి మీద బల్లి పడితే తలస్నానం చేయించే ఇంట్లో పెరిగాను. కంచి వెళ్లి బంగారు బల్లిని ముట్టుకొచ్చినవాళ్లు ఎవరున్నారా అని అమ్మ వెతికేది. అందుకే ఆ హాల్లో మొదట కాసేపు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను.

టేబుల్ మీద గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా పెట్టాడు. ఒక్కో డబ్బాలో ఒక్కో పిల్ల. మూత మీద చీటీ: పుట్టిన తేదీ, బరువు ఎన్ని గ్రాములు, తల్లిదండ్రులు ఏవి, ధర ఎంత. వచ్చినవాళ్లు అడుగుతుంటే వాడు గడగడా చెబుతున్నాడు. మన గోడ మీది బల్లికి కనురెప్పలుండవు, దీనికి ఉంటాయి. ఇది గోడలు ఎక్కలేదు. కొవ్వంతా తోకలో దాచుకుంటుంది. గుడ్లను 26 డిగ్రీల దగ్గర పొదిగిస్తే దాదాపు అన్నీ ఆడవే, 32.5 దగ్గర ఎక్కువగా మగవి. పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇందులో ఒక్క ముక్క కూడా బట్టీ పట్టింది కాదు. రోజూ వాటికి పురుగులు వేసి, వారం వారం తూకం వేసి తెలుసుకున్నదే.

మధ్యాహ్నం ఒక తండ్రి తన చిన్న పాపతో వచ్చాడు. పాపకు పసుపు పచ్చది నచ్చింది. ధర 60 డాలర్లు. ఆయన పర్సు తీశాడు కూడా. మావాడు డబ్బు తీసుకోకుండా అడిగాడు: “ఇంట్లో దీనికి వెచ్చదనం ఇచ్చే ఏర్పాటు ఉందా? బతికున్న పురుగులు వేయగలరా? పాపకు ఎన్నేళ్లు?” వెచ్చదనం సంగతి ఆయనకు తెలియదు. క్యారెట్ ముక్కలు వేస్తే చాలనుకున్నాడు. పాపకు నాలుగేళ్లు.

“అయితే ఈ రోజు కొనకండి సర్. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వీటిని పెంచొద్దని డాక్టర్లు చెబుతారు. పాప కాస్త పెద్దయ్యాక, ముందు పెట్టె సిద్ధం చేసుకుని రండి,” అన్నాడు.

పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆయన విసుక్కుంటూ వెళ్లి, నాలుగు టేబుళ్ల అవతల ఇంకొకరి దగ్గర అలాంటిదే కొనేశాడు. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఎలాగూ కొనేవాడే కదరా, నువ్వే అమ్మితే పోయేది,” అన్నాను.

“అది పదిహేనేళ్లు బతకాల్సింది పిన్నీ,” అన్నాడు.

సాయంత్రం టేబుల్ అద్దె, పురుగుల ఖర్చు పోను వాడికి పెద్దగా మిగల్లేదు. కారులో బావ ఏమంటాడోనని నాకు భయంగానే ఉంది. బావ లెక్కల పుస్తకం చూసి, “ఆ పసుపుది ఇంకా మన దగ్గరే ఉందిగా, ఇంటికెళ్లగానే మేత వెయ్యి,” అన్నాడంతే. ఎందుకు అమ్మలేదని అడగలేదు.

ఇది చదివి పిల్లలకు బల్లిని కొనిపెట్టమని నేను చెప్పడం లేదు. మన దగ్గర చట్టం వేరు. తిరుమల కొండల్లో కనిపించే బంగారు బల్లి లాంటి వన్యప్రాణుల్ని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

నేను చెప్పేది ఒక్కటే. అపరిచితుడైన పెద్దమనిషి ముందు ఆ కుర్రాడికి మాట వచ్చింది స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు వల్ల కాదు. తన చేతులతో చూసుకున్న ప్రాణి గురించి మాట్లాడుతున్నాడు కాబట్టి. మన పిల్లలకు అలాంటి పని ఒక్కటైనా ఉందా? బాల్కనీలో మెంతికూర కుండీ కావచ్చు, ఇంటి పాల లెక్క కావచ్చు, అమ్మమ్మ మందుల వేళలు కావచ్చు. పూర్తిగా వాళ్లకే అప్పగించండి. మధ్యలో మీరు చేసేయకండి, నష్టం వచ్చినా సరే.

వచ్చే మీటింగ్‌కి పిల్లల్ని వెంట తీసుకురండి. మార్కుల కంటే ముందు, ఆ పని గురించి వాళ్లనే అడుగుతాను.