మా ఇంటి గేమ్ పెట్టెకు ఏ చెక్క?



చిన్నప్పుడు రూపాయి బిళ్ల పట్టుకుని వీడియో గేమ్ షాపులో మన వంతు కోసం నిలబడినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మనిషంత ఎత్తు పెట్టె, అందులో టీవీ, ముందు ఒక జాయ్‌స్టిక్, కొన్ని బటన్లు. జపాన్‌లో తయారైన స్పేస్ ఇన్వేడర్స్ (1978), ప్యాక్‌మ్యాన్ (1980) ఆటలతో ప్రపంచమంతా పాకిన ఆ పెట్టెనే ఆర్కేడ్ క్యాబినెట్ అంటారు. తొమ్మిదో తరగతికి వెళ్లబోతున్న మా అమ్మాయి ఈ వేసవిలో అలాంటిది ఇంట్లోనే చేస్తానంది. పాత మానిటర్ ఉంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొనుక్కుంది. మిగిలింది పెట్టె. దానికి ఏ చెక్క కొనాలన్నదే అసలు చర్చ అయింది.

మీ ఇంట్లో అది స్టడీ టేబుల్ కావచ్చు, పుస్తకాల అర కావచ్చు. దుకాణంలో మీకు చూపించే పలకలు మాత్రం ఇవే. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటిది పార్టికల్ బోర్డు. చెక్క తునకలను జిగురుతో అదిమి చేస్తారు. ధర తక్కువ. కానీ ఒకసారి ఊడదీసిన స్క్రూ మళ్లీ గట్టిగా పట్టదు, నీళ్లు తగిలితే ఉబ్బిపోతుంది. పిల్లలు జాయ్‌స్టిక్‌ను ఊపే ఊపుకి ఇది ఆగదని దాన్ని ముందే పక్కన పెట్టాం.

రెండోది ఎండీఎఫ్. చెక్కను నారలా చేసి, జిగురు కలిపి, వేడిలో ఒత్తిన పలక. నున్నగా ఉంటుంది, వంపులు చక్కగా కోయవచ్చు, రంగు అందంగా పడుతుంది. అంచులోకి స్క్రూ వేయాలంటే మాత్రం ముందు సన్నటి రంధ్రం చేయాలి, లేదంటే చీలుతుంది.

మూడోది ప్లైవుడ్. పలుచని చెక్క పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు. అందుకే తేలిగ్గా ఉండి కూడా బలంగా ఉంటుంది, స్క్రూను బాగా పడుతుంది. ఖరీదు ఎక్కువ. రంగు వేసినా చెక్క చారలు కనిపిస్తాయి.

మా అమ్మాయి మనసు ఎండీఎఫ్ మీదే. "అమ్మా, రంగు వేస్తే అద్దంలా ఉంటుంది, చూడు" అంది. అందం విషయంలో ఆ మాట నిజమే. అయితే మా బాబుకి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడతాడు. పెట్టె పెట్టాలనుకున్నది పిల్లలిద్దరూ పడుకునే గదిలో.

ఎండీఎఫ్ కోస్తే వచ్చే పొడి చాలా మెత్తగా ఉంటుంది, గాలిలో తేలుతుంది. మామూలుగా అందులో వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. కొత్త ఫర్నిచర్‌లో వచ్చే ఘాటు వాసనకు అదొక కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌నూ, చెక్క పొడినీ మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఒక్క పెట్టె కోసం అంత భయపడనక్కర్లేదు. కానీ ఆయాసం ఉన్న పిల్లాడికి పొడీ పడదు, ఘాటూ పడదు.

"వద్దు" అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. అలా చేయకుండా రెండు ప్రశ్నలు మా అమ్మాయికే ఇచ్చాను: ఎక్కడ కోస్తావు? ఎక్కడ పెడతావు? మర్నాడు సాయంత్రం లెక్కతో వచ్చింది. 8×4 అడుగుల షీటు, 18 ఎం.ఎం. మందం. 2.44 × 1.22 × 0.018 అంటే సుమారు 0.054 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు ఎండీఎఫ్ 750 కిలోలు, ప్లైవుడ్ 600 కిలోలు అనుకుంటే, ఒక్కో షీటు 40 కిలోలు, 32 కిలోలు. "రెండు షీట్లకి 16 కిలోలు తేడా అమ్మా. పైగా తమ్ముడు కూడా ఆడాలి కదా. ప్లైవుడే కొందాం" అంది.

ప్లైవుడ్‌లోనూ జిగురు ఉంటుందని గుర్తుంచుకోండి. ఎం.ఆర్. రకంలో సాధారణంగా యూరియా జిగురే. బీ.డబ్ల్యూ.ఆర్. రకంలో వాడే ఫినాల్ జిగురు నుంచి ఆ వాయువు చాలా తక్కువగా వస్తుంది. మేం అదే తీసుకున్నాం. ఐఎస్‌ఐ గుర్తు పైన ఐ.ఎస్. 303 అని ఉందో లేదో చూశాం. ఐ.ఎస్. 710 అంటే మెరైన్ ప్లైవుడ్. ఎప్పుడూ నీళ్లు తగిలే చోటికి అది కావాలి గానీ గేమ్ పెట్టెకు అక్కర్లేదు. పొరల మధ్య ఖాళీలు ఉన్నాయేమోనని అంచులు నాలుగువైపులా చూడండి. షీటును నిలబెట్టి ఒక చివర నుంచి చూస్తే వంకర తెలిసిపోతుంది.

అడుగులు అనుకున్నంత సులువుగా కోతలు కుదరవు. ఆరడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పుతో పక్క పలకలు రెండూ ఒకే షీటులో వస్తాయనుకున్నాం. షీటు వెడల్పు 1220 ఎం.ఎం. "రంపం తినే 3 ఎం.ఎం. ఎక్కడి నుంచి వస్తుంది?" అని మా అమ్మాయే అడిగింది. ఒక్కోటి 600 ఎం.ఎం.కి తగ్గించాం. బటన్ల పలకకు 12 ఎం.ఎం. ప్లైవుడ్ వాడాం. 18 అయితే జాయ్‌స్టిక్ పిడి చేతికి పొట్టిగా అందుతుంది. వెనక తలుపుకు 6 ఎం.ఎం. పలక, గాలి ఆడేందుకు దానికి రంధ్రాలు.

పెద్ద కోతలన్నీ దుకాణంలోని మెషీన్ మీదే చేయించాం. కోసే కార్పెంటర్ ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని ఉన్నాడు. "ఈయన రోజంతా ఇదే పీలుస్తాడా అమ్మా?" అని అడిగింది. మేం తెచ్చుకున్న ఎన్95 మాస్కుల్లో రెండు ఆయనకిచ్చింది. మిగిలిన రంధ్రాలు, గరుకు కాగితం పని మేడ మీద చేశాం. ఆ రెండు రోజులూ బాబు అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచాం. నీటితో కలిపే రంగు వేసి, వాసన పోయేదాకా వారం రోజులు బాల్కనీలోనే ఉంచాం.

రెండుసార్లు పుట్టీ పెట్టి రుద్దినా ఎడమవైపు పలక మీద చెక్క చార సన్నగా కనిపిస్తూనే ఉంది. మా అమ్మాయికి అది ఇప్పటికీ నచ్చదు. పెట్టె మాత్రం పిల్లల గదిలోనే ఉంది. బాబుకి ఇబ్బంది రాలేదు.

మీరూ ఏదైనా చేయించాలనుకుంటే, దుకాణానికి బయల్దేరే ముందు మీ పిల్లలతో ఒక కాగితం మీద ఇవి రాయించండి: వస్తువు ఎక్కడ ఉంటుంది, ఆ గదిలో ఎవరు పడుకుంటారు, బరువెంత, ఏ ముక్క ఏ షీటులోంచి వస్తుంది. ధర అడగడం ఆ తర్వాత. రంపానికి 3 ఎం.ఎం. వదలడం మరిచిపోవద్దని చెప్పండి.