నెత్తళ్ల మీద నిలబడ్డ ఊరు

దక్షిణ ఇటలీలో సలెర్నో నుంచి అమల్ఫి వైపు కొండ అంచున సాగే రోడ్డు మీద, వియెత్రి దాటిన కాసేపటికి చేతరా కనిపిస్తుంది. రెండు కొండల మధ్య ఇరుకు లోయ, అందులో ఒకదాన్నొకటి ఆనుకుని ఇళ్లు, చివర చిన్న రేవు, రేవును కాస్తూ రాతి బురుజు. జనాభా రెండు వేలకు అటూ ఇటూ. అమల్ఫి తీరాన్ని 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ తీరంలోని పొసితానో లాంటి ఊళ్లను పర్యాటకులే పోషిస్తుంటే, చేతరా ఇప్పటికీ వేట ఊరే. రేవులో దిగగానే గట్టు పొడవునా కుప్పలు పోసిన వలల పక్కనుంచి నడవాల్సిందే.

తిండి పెట్టిన ఈ సముద్రం మీదుగానే ఆపదలూ వచ్చాయి. 9వ శతాబ్దంలో సరసేన్లు అనే ముస్లిం దాడిదారులు ఇక్కడ కొంతకాలం మకాం వేశారు. 1534లో ఒట్టోమన్ సేనాని సినాన్ పాషా నౌకాదళం దాడిచేసి మూడు వందల మందిని బానిసలుగా పట్టుకుపోయింది. ఎదురు తిరిగినవాళ్లను నరికేసింది. బురుజు ముందు నిలబడి ఆ సంఖ్యను ఇంత చిన్న ఊరితో బేరీజు వేసుకుంటే గుండె బరువెక్కుతుంది.

చేతరా పేరు ఇటలీ అంతటా తెలియడానికి కారణం కొలతూరా. మన నెత్తళ్ల కుటుంబానికే చెందిన అలీచి అనే చిరుచేపలను ఉప్పులో ఊరబెట్టగా దిగే రసం అది. మార్చి చివరినుంచి జులై దాకా పడిన చేపలే దీనికి శ్రేష్ఠమంటారు. ఒక ఉప్పుచేపల అంగడి వెనుక గదిలో ఆ పని చూశాను. చేప తలను వేళ్లతో పట్టి ఒక్క లాగు లాగితే పేగులు కూడా దాంతోపాటే ఊడివస్తాయి. కత్తితో పనే లేదు. శుభ్రమైన చేపలను తెర్జీన్యో అనే చిన్న చెక్కపీపాలో ఒక వరుస చేప, ఒక వరుస కళ్లుప్పుగా పేరుస్తారు. పైన గుండ్రటి చెక్కమూత, దాని మీద రాళ్లు. ఆవకాయ జాడీలో నూనె తేలినట్టు, బరువుకు నెమ్మదిగా నీరు పైకి ఊరుతుంది. నెలలు గడిచాక పీపా అడుగున చిన్న రంధ్రం చేస్తే, ఊరిన చేపల వరుసలన్నింటి గుండా దిగిన రసం బొట్లు బొట్లుగా పడుతుంది. పాత తేనె రంగు, ముక్కుకు సూటిగా తగిలే ఘాటు.

కొండలకు అవతల ఉన్న పోంపేయిలో రోమన్ల కాలంలో గారమ్ అనే చేపరసం వ్యాపారం జోరుగా సాగేది. అవులస్ ఉంబ్రిషియస్ స్కౌరస్ అనే వర్తకుడు ఆ రసం కూజాల బొమ్మలను తన ఇంటి నేల మీద రంగురాళ్లతో పొదిగించుకున్నాడు. కొలతూరాను గారమ్‌కు వారసురాలిగా చెప్పుకుంటారు. అయితే గారమ్‌కు చేపల పేగులే ప్రాణం. ఇక్కడ వాటిని ముందే తీసిపారేస్తారు. ఈ తేడాను చిన్నదిగా చూడలేం. 2020లో కొలతూరాకు ఐరోపా సమాఖ్య నుంచి భౌగోళిక రక్షణ హోదా దక్కింది.

చేతరా వేట అలీచితోనే ఆగదు. పెద్ద పడవలు ట్యూనా కోసం దూరం వెళతాయి. ఎంత పట్టాలో ఏటా కోటా ఉంటుంది.

క్రిస్మస్ ముందురోజు రాత్రి మాంసం ముట్టరు. ఆ పూట చేతరా ఇళ్లలో కొలతూరా స్పగెట్టి ఉండితీరాలి. ఉడికే నీళ్లలో చిటికెడు ఉప్పు కూడా వేయరు. వెల్లుల్లి, మిరప, పార్స్‌లీ కలిపిన ఆలివ్ నూనెలో కొలతూరాను పచ్చిగానే కలుపుతారు, పొయ్యి మీద పెట్టరు. వేడి వేడి స్పగెట్టిని వార్చి అందులో వేసి తిప్పితే వంట అయిపోయినట్టే.