పసిబిడ్డ పీక – పెద్దల ఓరిమి

లేదు, అయిపోయింది, ఆరిపోయింది అన్న మాటలను నోటితో పలుకుటకు మనవారు వెనుకాడుతారు. తెలుగింటి ఇల్లాలు బియ్యం అయిపోయినవనదు, నిండుకున్నవంటుంది. దీపం ఆరిపోయిందనదు, కొండెక్కిందంటుంది. ఉర్దూ మాట్లాడే ఇండ్లలోనూ ఇదే మర్యాద. దుకాణం మూయుటను 'దుకాన్ బఢానా' అనీ, దీపం ఆర్పుటను 'చిరాగ్ బఢానా' అనీ అంటారు. బఢానా అనగా పెంచుట, ముందుకు సాగించుట. ఆ వరుసలోనే బిడ్డ చేత తల్లిపాలు మాన్పించుటను 'దూధ్ బఢానా' అన్నారు. తెలుగు 'మానుట'లోనూ ఒక విశేషమున్నది. అలవాటు మానుటకూ, గాయం మానుటకూ మనకు ఒకే క్రియ. బిడ్డ నోటినుండి ఒకదానిని తీసివేయవలసి వచ్చినపుడు పెద్దలు మాటలను సైతం ఎంత జాగ్రత్తగా ఎన్నుకొన్నారో గదా అని మేము ఈ మధ్య పదే పదే తలచుకోవలసి వచ్చింది.

మా ఇంట మాన్పించవలసినది పాలు కాదు, పీక. పాలు రాని ఉత్త రబ్బరు పీక. ఉర్దూలో దీనిని చుస్నీ అంటారు. కళాశాల వార్షిక సంచికలో దీనిపై వ్యాసమా అని విద్యార్థి మిత్రులు నవ్వుకొనవచ్చును. కాని రెండున్నరేళ్ళ పసిపిల్లకు అది ఆస్తి, ఆసరా, నిద్ర. దానిని తీసికొనుట పెద్దలకు స్వల్ప విషయమే గాని, బిడ్డకు స్వల్పం కాదు.

చప్పరించుట శిశువు ఒకరి వద్ద నేర్చుకొన్న విద్య కాదు. తల్లి గర్భంలో వుండగానే వేలు నోట పెట్టుకొనే శిశువులున్నారు. పుట్టిన తరువాత పాలు త్రాగేటప్పుడు ఇంచుమించు సెకనుకొకసారి చప్పరించే బిడ్డ, ఉత్త పీకను సెకనుకు రెండు మార్లు చప్పరిస్తుంది. ఆకలి తీర్చుకొనుట వేరు, మనసును ఊరడించుకొనుట వేరు అని పసినోటికి కూడ తెలుసునన్నమాట. ఈ ఊరడింపు కోసం రబ్బరు రాకముందే ఐరోపా తల్లులు గుడ్డపీలికలో తీపి మూటగట్టి బిడ్డకిచ్చేవారు. 1506లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ చిత్రించిన ఒక మాతృమూర్తి పటంలో బిడ్డ చేత అటువంటి గుడ్డపీకయే కనబడుతుంది. కనుక ఇది నేటి నాగరికత తెచ్చిపెట్టిన వింత ఎంతమాత్రమూ కాదు.

మా చిన్నమ్మాయి నెలలు నిండకుండ, ముప్పది మూడవ వారంలో జన్మించినది. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట – ఈ మూడింటిని జతపరచుకొనే నేర్పు శిశువుకు ఆ వారాలలోనే కుదురుకొంటుంది. అంతవరకు ముక్కు గుండా సన్నని గొట్టంతో పాలు పోశారు. పాలు పోసే సమయంలో నర్సమ్మ ఒక చిన్న పీకను నోటికందించేది. చప్పరించుట అలవడితే గొట్టం త్వరగా తీసివేయవచ్చునని, ఇంటికి వెళ్ళే రోజు దగ్గర పడునని ఆమె చెప్పినది. నెలలు నిండని శిశువుల విషయంలో పరిశోధకులు గ్రహించినదీ అదియే. గాజు పెట్టెలోని ఆ చిట్టి నోరు మొదటిసారి గట్టిగా కదిలిన నాడు మా శ్రీమతి అద్దానికి నుదురానించి ఏడ్చినది. ఆ పీకను శత్రువుగా చూచుట మాకు సాధ్యం కాదు.

అయినను దాని మంచిచెడ్డలు రెండూ తెలిసికొనవలసినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సంస్థలు 1989లో ప్రకటించిన పది సూత్రాలలో తల్లిపాలు త్రాగే శిశువులకు పీకలు ఇవ్వరాదన్నారు. 2018లో సవరించినపుడు, వాటి వాడకాన్ని గూర్చి, ప్రమాదాలను గూర్చి తల్లులకు తెలియజెప్పవలెనని మార్చారు. అమెరికా శిశువైద్యుల సంఘం 2005లో, నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశు మరణాలను తగ్గించుటకు నిద్రవేళ పీక ఇవ్వవచ్చునన్నది. తల్లిపాలు త్రాగే బిడ్డకు ఆ అలవాటు కుదిరిన పిదపనే సుమా అని హెచ్చరించినది. ఏడాది దాటిన కొలది ఈ మేలు తగ్గి కీడు పెరుగుతుంది. ఆరు మాసాల తర్వాత వాడకం తగ్గించినచో మధ్యచెవి వ్యాధులు తగ్గునంటారు. మూడేండ్లు దాటినను మానకున్నచో పై పండ్లకు క్రింది పండ్లకు నడుమ సందు ఏర్పడి నిలిచిపోవచ్చును. అంతకు ముందే మానినచో చాలవరకు దానంతటదే సర్దుకొంటుంది. పీకను తేనెలో ముంచి ఇచ్చుట మన ఇండ్లలో కలదు. అది పండ్లను పుచ్చజేస్తుంది. పైగా ఏడాది నిండని బిడ్డకు తేనె ఎంత మాత్రమూ తగదు. అందులో వుండగల కొన్ని సూక్ష్మక్రిములు పసివారి ప్రాణానికే ముప్పు తేగలవు.

మా అమ్మాయికి రెండున్నరేండ్లు నిండేసరికి ముందు పండ్లు కలియుట లేదని దంతవైద్యుడు చూపించాడు. అంతకంటె మమ్ములను కలవరపెట్టినది మాట. నోట పీక వున్నంతసేపు ఆమె చేతితో చూపించేదే గాని పలికేది కాదు.

ఇంట సభ జరిగినది. "రేపే పారేద్దాం, రెండు రోజులు ఏడ్చి మరచిపోతుంది" అన్నది మా శ్రీమతి. అమ్మీజాన్ అందుకు ఒప్పుకొనలేదు. "పారేయడమెందుకు బేటా, కాస్త ముసాంబరం పూయండి. మీ అందరికీ పాలు అట్లాగే మాన్పించాను" అన్నది. ముసాంబరం కలబంద రసాన్ని ఎండబెట్టి చేసిన నల్లని చేదు ముద్ద. అది తీవ్రమైన విరేచనకారి గనుక పసిబిడ్డ నోటికి అందించదగినది కాదని వైద్యుని మాటగా ఆమెకు మెల్లగా విన్నవించాము.

ఆ మాట మాత్రం మా మనసులో నిలిచిపోయినది. తెలుగు ముసాంబరం ఉర్దూ ముసబ్బర్ నుండి వచ్చినది, ముసబ్బర్ అరబ్బీది. సాద్, బే, రే అను మూడక్షరాలు దానికి మూలం. కలబంద చేదుకు అరబ్బీలో 'సబిర్' అని పేరు. ఓరిమికి పేరు 'సబ్ర్'. రెండింటికీ అవే మూడక్షరాలు! బిడ్డకు చేదు తినిపించి మాన్పించవచ్చును. పెద్దలు ఓరిమి వహించియు మాన్పించవచ్చును. మొదటి దానిలో చేదు బిడ్డ వంతు; రెండవ దానిలో పెద్దల వంతు.

దివ్య ఖుర్ఆన్ రెండవ సూరా 233వ ఆయతులో పాలిచ్చుటకు పూర్తి గడువు రెండేండ్లని చెప్పబడినది. అంతకు ముందే మాన్పించదలచినచో తల్లిదండ్రులు ఇరువురూ సమ్మతించి, పరస్పరం సంప్రదించుకొని చేయవచ్చునని కూడ అందులో వున్నది. ఇంత చిన్న గృహకృత్యానికి సంప్రదింపును విధించుట మాకు ఎంతో విలువైనదిగా తోచినది. మేము ఆ సంప్రదింపులో బిడ్డను కూడ చేర్చుకొన్నాము.

మొదట పగలు పీక పడకమీదనే వుండవలెనని నియమం పెట్టాము. కావలసినపుడు ఆమె పడక వద్దకు వెళ్ళవచ్చును. నోట పెట్టుకొని వాకిట్లోకి రారాదు. వారం గడిచేసరికి ఆటను విడిచి పడక వద్దకు పోవుట ఆమెకే విసుగైనది. పిదప రాత్రి నిద్రకు మాత్రమే ఇచ్చాము. డెన్మార్కు దేశంలో కొన్ని ఉద్యానవనాలలో పిల్లలు తమ పీకలను రిబ్బనుతో ఒక చెట్టుకు కట్టి, వీడ్కోలు చెప్పి వస్తారు. ఆ ముచ్చట చెప్పగా ఆమె శ్రద్ధగా విని, మరునాడు మా పెరటి జామచెట్టు కొమ్మను చూపినది. దాదీమా కొంగు పట్టుకొని వెళ్ళి తన చేతులతోనే కట్టించుకొన్నది.

ఆ రాత్రి ఏడ్చినది. మరునాటి రాత్రి ఇంకను ఎక్కువగా ఏడ్చినది. చూడవచ్చిన బంధువొకరు సెల్‌ఫోను చేతికివ్వమన్నారు. ఒక పీక తీసి మరొక పీక ఇచ్చినట్లగునని మేము అంగీకరించలేదు. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలు దినానికి ఒక గంటకు మించి తెర ముందు కూర్చుండరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థయే సూచించినది. శ్రీమతి బిడ్డ వీపు నిమురుతూ కూర్చున్నది. ఆమె అలసిన పిదప మేము, మేము అలసిన పిదప అమ్మీజాన్. మూడవ రాత్రి ఏడుపు నడుమ ఆగి, చీకటిలో, "దాదీ, చుస్నీకి చలేస్తోందా?" అని అడిగినది. అంతవరకు రెండు మాటలు కూర్చి పలుకని పిల్ల! ముసాంబరం పూయమన్న అమ్మీజాన్ ఆ వేళ లేచి, తన పాత రుమాలు తీసికొని పెరట్లోకి వెళ్ళి, జామకొమ్మనున్న పీకకు చుట్టి వచ్చినది. అది విని బిడ్డ పడుకొన్నది.

విద్యార్థి మిత్రులారా! నేడు కాకున్నను రేపు మీ ఇండ్లలోనూ పసివారు తిరుగాడుతారు. వారి నుండి ఏదేని తీసికొనవలసి వచ్చినపుడు, ఆ చోట నింపుటకు మీ వద్ద సమయమున్నదా అని ముందుగా చూచుకొనండి. మూడు రాత్రుల నిద్ర మా ముగ్గురికీ పోయినది. మా అమ్మాయి ఇప్పుడు రోజంతా మాట్లాడుతూనే వున్నది.